అతిమధురం పొట్లం

"పిడికిలి అంతలా బిగిస్తే ఎలాగండీ? రక్తం తీస్తున్నాను, కుస్తీ పట్టడం లేదు," అంది ల్యాబ్ అమ్మాయి.

పడవబ్బాయి వేళ్లు వదులు చేశాడు. "సూదంటే భయం లేదండీ. రిపోర్టంటేనే."

భయపడక ఏం చేస్తాడు! ఐదేళ్లుగా రేవులో తాళ్లు కడుతూ, "దిగేవాళ్లు ముందు, ఎక్కేవాళ్లు తర్వాత!" అని అరుస్తూ గడిపాడు. మొన్ననే పడవ నడిపే పరీక్ష పాసయ్యాడు. ఇక మిగిలింది ఫిట్‌నెస్ సర్టిఫికెట్. తీరా చూస్తే ఇరవై ఏడేళ్లకే బీపీ నూట అరవై బై వంద. నెలాఖరులోగా అది దిగకపోతే చుక్కాని ఇంకొకరి చేతికి పోతుంది.

ల్యాబ్ అమ్మాయి రోజూ ఆ పడవలోనే పనికి వస్తుంది. రెండు నెలల కిందట అతని గొంతు బొంగురుపోతే జాలిపడి, ఓ అతిమధురం పొట్లం చేతిలో పెట్టింది. "ఈ పుల్లలు చప్పరించండి. మీ గొంతూ మా చెవులూ బాగుపడతాయి," అని ఓ విసురు కూడా విసిరింది. అప్పట్నుంచి రోజూ పడవ ఎక్కుతూ, "గొంతెలా ఉంది?" అని అడిగేది. అతను అరుపు ఆపి, "జాగ్రత్తగా ఎక్కండి," అనేవాడు. ఆ ఒక్క మాట కోసం ఆమె వేరే పడవలు వదిలేసుకునేదని ఎవరికీ తెలియదు.

మధ్యాహ్నం మిషన్ పొటాషియం రెండు పాయింట్ తొమ్మిది చూపించింది. కనీసం మూడున్నర ఉండాలి. తనే ఏదో పొరపాటు చేసిందనుకుని మళ్లీ పెట్టింది. మళ్లీ అంతే. డాక్టరమ్మ బీపీని పెంచే హార్మోన్లకు కూడా పరీక్షలు రాసింది. వారానికి ఆ రిపోర్టు వచ్చింది. అవన్నీ అట్టడుగున ఉన్నాయి.

ఈసారి పడవబ్బాయి వాళ్లమ్మను వెంటబెట్టుకొచ్చాడు.

"బీపీ పెంచే హార్మోను ఒంట్లో దాదాపు లేదు. దాని పని మాత్రం జరిగిపోతోంది. అంటే బయటినుంచి ఏదో లోపలికి వెళ్తోంది," అంది డాక్టరమ్మ. "ఏం తింటున్నావు నాయనా?"

"ఏం లేదండీ," అని అతను నీళ్లు నమిలాడు. ట్రే పట్టుకుని నిలబడ్డ ల్యాబ్ అమ్మాయి వైపు మాత్రం చూడలేదు.

"ఏం లేదా?" అందుకుంది వాళ్లమ్మ. "చొక్కాలు ఉతకబోతే ప్రతి జేబులోనూ అతిమధురం పుల్లలే! రోజుకు ఎనిమిదైనా నములుతాడు డాక్టరమ్మా. గొంతెప్పుడో బాగైపోయింది కూడాను."

డాక్టరమ్మ పెన్ను కింద పెట్టింది. "దొరికింది దొంగ! అతిమధురం అదే పనిగా తింటే పొటాషియం పడిపోతుంది, బీపీ పైకెక్కుతుంది. ఎవరిచ్చారయ్యా నీకీ సలహా?"

ల్యాబ్ అమ్మాయి ఒక అడుగు ముందుకు వేసింది. "నేనేనండీ."

"ఆవిడిచ్చింది ఒక్క పొట్లమే," అన్నాడతను గబుక్కున. "మిగతావి నేనే కొనుక్కున్నాను."

వరండాలోకి రాగానే ల్యాబ్ అమ్మాయి అతన్ని నిలదీసింది. "గొంతు బాగయ్యాక ఎందుకు నమిలినట్టు? నా మూలంగా మీ ఉద్యోగం పోతే నేనేమైపోవాలి?" ఆమె కళ్లు నిండిపోయాయి.

అతను బుర్ర గోక్కున్నాడు. "మీరు రోజూ గొంతెలా ఉందని అడిగేవారు కదా. బాగైపోయిందంటే ఇక అడగరేమోనని... నోట్లో పుల్ల ఉంటే ఇంకా తగ్గలేదనొచ్చు."

"అడగడానికి గొంతొక్కటేనా? మీరు లేరూ?" అనేసి, ఆమె నాలుక కరుచుకుంది. వెంటనే గొంతు పెంచింది. "ఇంకో పుల్ల కనబడిందో, నీళ్లలోకి తోసేస్తాను!"

"పుల్లనా, నన్నా?"

"రెండింటినీ!"

నెలాఖరుకు మిగిలిన మూడు వారాలూ రోజూ రేవులో తనిఖీ జరిగింది. అతను బుద్ధిగా నోరు తెరిచి చూపించేవాడు. వెనక ఆఫీసులకు వెళ్లేవాళ్లు పడవ కదలట్లేదని గొణుక్కునేవారు.

నెలాఖరు రానే వచ్చింది. పొటాషియం నాలుగు దాటింది. ల్యాబ్ అమ్మాయి అతని చేతికి బీపీ పట్టీ చుట్టి, అంకెలు చూసింది. నూట పద్దెనిమిది బై డెబ్బై ఆరు. సర్టిఫికెట్ వచ్చేసినట్టే. హమ్మయ్య అనుకుంది. అంతలోనే ఆమె మొహం కాస్త చిన్నబోయింది.

"ఏమైందండీ? బాగాలేదా?"

"మరీ బాగుంది. చెయ్యి నేను పట్టుకున్నా కాస్తయినా పెరగలేదు."

అతను నవ్వేశాడు. "మీరు పక్కనుంటే నాకు నిమ్మళంగా ఉంటుందండీ. కంగారంతా మీరు పడవ దిగి వెళ్లిపోయాకే." ఆ పైన ఏదో అనబోయి ఆగిపోయాడు.

"నమిలింది చాలుగానీ, అడిగెయ్యరా!" అంది ఈసారీ వెంట వచ్చి గుమ్మంలో నిలబడ్డ వాళ్లమ్మ.

అతను అడిగేశాడు. పెళ్లి చేసుకుంటారా అని, సూటిగా.

ఆమె పట్టీ విప్పడం కూడా మరిచిపోయి తలూపింది. "గొంతెలా ఉందని మాత్రం రోజూ అడుగుతాను," అంది.