మనవైపు మనిషి

లూసియానా తీరాన తుఫాను వెళ్లి ఏడాది దాటినా, క్లోవిస్ ఇంటికి సగం కప్పు టార్పాలినే. ఆ ఉదయం కూతురు మార్సెల్ కాఫీ కప్పు ఆయన ముందు ఠప్పున పెట్టింది.

"ఫోంటెనో గారు మనకు చుట్టమవుతారని కంపెనీకి చెప్పేస్తావా? మతిగానీ పోయిందా నాన్నా?"

నష్టం ఎంతన్నది ఇంటివాళ్ల మదింపుదారూ, బీమా కంపెనీ మదింపుదారూ తేల్చుకోలేకపోతే మధ్యలో అంపైర్ తీర్పు చెప్పాలి. ఇద్దరూ ఒప్పుకున్న ఆ అంపైరే ఫోంటెనో. మార్సెల్ పెళ్లాడబోయే బ్రెట్‌కి మేనమామ.

"చెప్తాను. ఇవాళే," అన్నాడు క్లోవిస్.

మార్సెల్‌కి ఒళ్లు మండింది. రొయ్యల పడవ మీద బతుకంతా అరగదీసినా ఈయనకు లోకం తెలియలేదు! "నీ నీతిని కప్పుకుని పడుకుందామా వానలో? దొరక్క దొరక్క మనవైపు మనిషి దొరికితే..."

"మనవైపా? ఎవరి బల్ల దగ్గర కూర్చుంటే వాళ్లవైపు మనిషి వాడు. ఆదివారం మన గుంబో పులుసు జుర్రుకుంటూ యూలా గురించి ఏమన్నాడు?"

మార్సెల్ బల్ల తుడవడం మొదలుపెట్టింది.

పక్కింటి యూలాకీ నిరుడు ఆయనే అంపైర్. కంపెనీ మదింపుదారు ఆయనతో చేపలవేటకు వెళ్లే స్నేహితుడు. 'చెదల కొంపకి తుఫాను మీద నింద దేనికి అన్నాను, ముసల్ది నోరెళ్లబెట్టింది' అని పగలబడి నవ్వాడు ఆదివారం. పైసా రాక యూలా ఇప్పటికీ చక్రాల మీది ట్రెయిలర్ ఇంట్లోనే ఉంటోంది.

"వాడు నవ్వాడు, సరే. వాడి బతుకే అంత," అన్నాడు క్లోవిస్ అసహ్యంగా. తర్వాత ఆయన గొంతు తగ్గింది. "మీ అమ్మ పోయాక నీకు జడలేసింది యూలా. నువ్వెందుకు నవ్వావే?"

మార్సెల్‌కి ఆదివారం తను నవ్విన నవ్వు గుర్తొచ్చింది. తండ్రిని చూసి ఇందాకటి నుంచీ కలిగిన ఏవగింపంతా తిరిగొచ్చి తన మీదే పడ్డట్టనిపించింది. కళ్లు తుడుచుకుని ఫోన్ తీసింది.

"బ్రెట్, మీ మామయ్యని తప్పుకోమను. లేదంటే మేమే కంపెనీకి చెప్తాం."

"పెళ్లికి ముందే మావాళ్లతో గొడవా?"

"అవును. పెళ్లికి ముందే."

ఫోంటెనో తప్పుకున్నాడు. కొత్త అంపైర్ ఎవరికీ ఏమీ కాని మనిషి. కప్పెక్కి అంతా స్వయంగా చూసి, క్లోవిస్ అడిగినదానికంటే తక్కువే రాశాడు. క్లోవిస్ సణగకుండా సంతకం పెట్టాడు. ఆ సాయంత్రం మార్సెల్ ట్రెయిలర్ మెట్లెక్కింది.

"పిన్నీ, నీ కేసు మళ్లీ తెరిపిద్దాం. ఆ ఫోంటెనో నీ గురించి ఏమన్నాడో, అప్పుడు నేనేం చేశానో ముందు నీకు చెప్పాలి," అంటూనే ఏడ్చేసింది.

యూలా పక్కకు జరిగి చోటిచ్చింది. "కూర్చో. చెప్పు."