ఏడుపు బొమ్మ

"బిడ్డా, గీ ఎర్రంచు చీర బాగుందా, పచ్చది కట్టుకోవాల్నా?"

పొద్దున లేచిన దగ్గర్నుంచి కౌసల్య అద్దం వదల్లేదు. జూబ్లీ హిల్స్‌లోని సినిమా ఆఫీసులో ఇవాళ పూజ. షూటింగుకి ముందు సీన్లన్నీ బొమ్మలుగా గీసిపెట్టే పని ఆమె కూతురు హిమజది. ఇంట్లోవాళ్లను తీసుకురమ్మని డైరెక్టర్ సిద్ధార్థ స్వయంగా చెప్పాడట. ఇంకేం, షేక్‌పేటలో తెలిసిన గడపలన్నిటికీ కౌసల్య ఆ కబురు మోసేసింది.

"ఎండ మండుతున్నది. నువ్వెందుకమ్మా అంత దూరం?" అంది హిమజ, ఇడ్లీ తినకుండా కెలుకుతూ.

"ఫిలింనగర్ దాటితే జూబ్లీ హిల్సే నాయె, ఏం దూరమే? నీ బొమ్మలల్ల ఉన్నది నా ముఖమే గదా. నేను చూసుకోవద్దా?"

హిమజ ఉలిక్కిపడి ప్లేటు పక్కకు నెట్టింది. గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకోవడం అంటే ఇదే మరి.

సంగతేమిటంటే, ఊహించి గీస్తే ముఖాలు చెక్కముక్కల్లా వస్తాయి. కనుబొమల మధ్య ముడి ఎంత, పెదవి ఏ మూల వంగుతుంది, ఇవన్నీ ఫొటో చూసి గీస్తేనే బొమ్మకు ప్రాణం. అందుకని హిమజకు అమ్మే మోడల్. "అమ్మా, జర కోపంగ చూడు" అంటే చాలు, బియ్యం ఏరుతూనే కళ్లెర్ర చేసేది. ఒక్క ఏడుపు మాత్రం చేతనయ్యేది కాదు, పిచ్చితల్లికి నవ్వొచ్చేసేది.

రెండు నెలల కింద ఓ మధ్యాహ్నం అట్లాగే ఏడుపు ముఖం పెట్టబోయి కౌసల్య పకపకా నవ్వుతుంటే ఆమె ఫోన్ మోగింది. ఒక్కగానొక్క తమ్ముడు పృథ్వీరాజ్ గుండె ఆగి పోయాడన్న కబురు. నవ్వు ఇంకా ముఖం మీద ఉండగానే కింది నుంచి ఏడుపు పొంగుకొచ్చింది. హిమజ చేతిలో కెమెరా తెరిచిన ఫోన్ సిద్ధంగా ఉంది. వేలు నొక్కింది.

ఆ ఫొటో చూసి గీసిందే సినిమాలో కొడుకు చావు కబురు విన్న తల్లి బొమ్మ. ముక్కు మార్చింది, బొట్టు పెద్దది చేసింది, జుట్టు తెల్లగా గీసింది. అమ్మ గుర్తుపట్టదులే అని తనకు తానే సర్దిచెప్పుకుంది.

ఆఫీసులో గోడ నిండా బొమ్మలు అతికించారు. కొబ్బరికాయ కొట్టగానే సిద్ధార్థ ఎదురొచ్చాడు.

"రండి ఆంటీ, మీ అమ్మాయి ఏం గీసిందో చూడండి. ఏడుపంటే ఇదండీ! ఆ చెయ్యి చూశారా, ఎవరి కోసమో చాపినట్టు? మా నటికి ఇదే చూపించి, ఇలా చేస్తే చాలమ్మా అన్నాను."

కౌసల్య నవ్వుతూ దగ్గరికి వెళ్లింది. చాలాసేపు చూసింది.

"మంచిగున్నది సార్" అంది చివరికి. పులిహోర పొట్లం కూడా అందుకోకుండా, కొంగు ముఖానికి అడ్డం పెట్టుకుని బయటికి నడిచింది.

ఆటోలో ఇంటికొచ్చాక కూడా ఆ కొంగు దిగలేదు.

"తిట్టమ్మా. ఏదన్నా ఒకటి అను" అంది హిమజ.

"నా దిక్కు చూడకు. నువ్వు చూస్తుంటే బుగులైతున్నది నాకు, మళ్ల నా బొమ్మ తీస్తవేమోనని."

"కావాలని కాదమ్మా. ఫోన్ చేతిల ఉండె. అలవాటుగ వేలు నొక్కింది."

"వేలు నొక్కింది, సరే. మరి కర్టెన్ ఎవరు జరిపిండ్రు?"

హిమజ ఆ ఒక్క సంగతి తనకు తప్ప ఎవరికీ తెలియదనుకుంది. నిజమే. అమ్మ ముఖం మీద వెలుతురు చాలడం లేదని కిటికీ దగ్గరికి వెళ్లి కర్టెన్ పక్కకు లాగింది. ఆ తర్వాతే నొక్కింది.

"కండ్లల్ల నీళ్లు, నాకేం కనబడలే. నీ అడుగుల చప్పుడైంది. నా బిడ్డ నా దగ్గరికొస్తున్నదనుకున్న. పట్టుకుంటవని చెయ్యి చాపిన." కౌసల్య కొంగు ఇంకా ముందుకు లాక్కుంది. "నువ్వు కిటికీ కాడికి పోయినవ్."

ఆ చెయ్యి ఎంత బాగా కుదిరిందో అని గీసిన రోజు తనే మురిసిపోయింది హిమజ. ఇప్పుడు ఎక్కడ తల దాచుకోవాలో తెలియలేదు. ఛీ, నాదీ ఒక బతుకేనా అనుకుంది.

మర్నాడు ఆఫీసుకు వెళ్లగానే గోడ మీది ఆ బొమ్మను పీకి చేతిలో పట్టుకుంది.

"మతి పోయిందా హిమజా?" సిద్ధార్థ అరిచాడు. "సీన్‌కి ప్రాణమే అది! అంతకన్నా మంచిది గీసిస్తావా సరే, లేదంటే వేరేవాళ్లని పెట్టుకుంటాను."

"పెట్టుకోండి సార్. ఇది మాత్రం ఇయ్య. నాది కాదిది."

మధ్యాహ్నం ఇంట్లో, ఆనాడు అమ్మ ఫొటో తీసిన గదిలోనే కూర్చుంది. బొమ్మ చించేసింది, ఫోన్‌లోంచి అమ్మ ఫొటో చెరిపేసింది. కర్టెన్ జరిపి, ఫోన్‌ను కిటికీ గట్టుకు ఆనించి, కొత్త బొమ్మ కోసం ఈసారి తన ముఖాన్నే ఫొటో తీసుకుందామనుకుంది. ఎంత ప్రయత్నించినా ఏడుపు రాలేదు, ముఖం వంకర్లు పోవడం తప్ప. సరే, చెయ్యన్నా చూద్దామని అమ్మ చాపినట్టే చాపింది. ఎదురుగా ఎవరూ లేరు. ఆ ఖాళీ చేతిని చూసుకునేసరికి లోపల ఏదో తెగింది. వెక్కి వెక్కి ఏడ్చింది.

వంటింట్లోంచి అడుగుల చప్పుడైంది. కౌసల్య ముఖానికి కొంగు అడ్డం పెట్టుకునే వచ్చి గుమ్మంలో ఒక్క క్షణం నిలబడి, తిన్నగా కిటికీ దగ్గరికి నడిచింది. పోనీలే, నాకిదే శాస్తి అనుకుంది హిమజ.

కౌసల్య కర్టెన్ మూసేసింది. ఫోన్‌ను బోర్లా పెట్టింది. వచ్చి ఆ చెయ్యి పట్టుకుంది.

"బొమ్మలు తర్వాత గీసుకోవచ్చు. మామ పోయిన్నాడు నువ్వు ఏడ్వనే లేదు బిడ్డా. ముందు ఏడువు."

"తప్పైంది అమ్మా... నాకేం కనబడ్తలేదు."

"కనబడకుంటే ఏమాయె. నేనున్న గదా గీడ."

కొంగు భుజం మీదికి జారిపోయింది. కౌసల్య దాన్ని మళ్లీ ముఖానికి అడ్డం పెట్టుకోలేదు, కూతురి కళ్లు తుడవడానికి తీసుకుంది. ఆ మసక గదిలో తల్లీ కూతుళ్లు ఒకరినొకరు పట్టుకుని పృథ్వీరాజ్ కోసం ఏడ్చారు.