జలంధర్ బదులు

ఆ అరబ్బు దేశంలో, ఫరీజ్ అబ్దుల్ అజీజ్ పేటలో ఆ పాత క్లినిక్ మూతపడి చాన్నాళ్లయింది. ఇప్పుడు దాన్ని వలస వచ్చిన మనవాళ్ల కోసం సలహా కేంద్రంగా మారుస్తున్నారు. పాస్‌పోర్టు దాచుకున్న యజమాని మీద, సెలవివ్వని కంపెనీ మీద ఎవరికి ఎలా మొరపెట్టుకోవాలో చెప్పే చోటు. కాళ్లరిగేలా తిరిగి ఆ ఇల్లు అద్దెకి సంపాదించింది మమత. వారమంతా ఆఫీసు ఉద్యోగం, సెలవు రోజున ఎవరు దొరికితే వాళ్లతో వాదన. అదీ ఆమె తీరు.

ఆ శుక్రవారం మధ్యాహ్నం దుమ్ముగాలి లేచింది. కిటికీల్లో వెలుగు బెల్లం రంగుకి తిరిగింది. కరెంటు పనివాళ్లు మెయిన్ స్విచ్ తీసేసి నమాజుకి వెళ్లారు. హాల్లో కొత్త రంగు వాసన. దాని కింద, ఎంత కడిగినా వదలని డెట్టాల్ వాసన.

గోడలకి రంగు వేస్తున్న జలంధర్ డబ్బా మీద కూలబడి ఛాతీ రుద్దుకుంటున్నాడు.

“మళ్లీ నొప్పా?”

“మంట పెడ్తుందక్కా. ఎడమ చెయ్యి దాంక గుంజుతుంది.”

“ఎల్లుండి పెద్దాసుపత్రికి తీసుకెళ్తా. మన సెంటర్‌కి మొదటి కేసు నువ్వే. నీ కంపెనీ మెడలు వంచి ఇంటికి పంపిస్తా చూడు.”

“మా ఇంటామె నర్సవ్వ నమ్మది. ఆమెకు ఏ అరబ్బు దేశమైన దుబాయే. దుబాయ్‌ల గట్ల అడిగెటోళ్లు గూడ ఉంటరా అంటది.” నవ్వి, చుట్టూ చూశాడు. “ఈడికే కంపెనీ మమ్ముల బస్సుల తెచ్చి, బల్ల మీద వరుసగ కూసోవెడ్తుండె. తక్లీఫ్ ఉందా, ఏడన్న నొస్తుందా అని అడుగుతుండె డాక్టర్. ఉందన్నోని డ్యూటీ పాయె, వీసా పాయె. అందుకే అందరం మాఫీ ముష్కిల్ అనుడే, ఏ బాధ లేదని. డాక్టర్ స్టాంపు గుద్దుడే. ఎవడన్న నీళ్లు నమిలితే పక్కోడు వాని బదులు చెప్తుండె.”

“మీ నోళ్లు మీరే కుట్టుకున్నారన్నమాట.”

“కుట్టుకోకుంటే బతుకుదుమా అక్కా?” అంటూ స్క్రూడ్రైవర్ తీసుకుని లేచి, పాత మంచం విప్పడానికి డాక్టర్ గదిలోకి వెళ్లాడు.

గాలికి ఆ గది తలుపు మూసుకుంది.

మమత వీధి గడప వైపు చూస్తూ కూర్చుంది. పని చూసిపోవడానికి ఇంటి ఓనర్ మనిషి వస్తానన్నాడు. ఇకమీదట ఇక్కడ రోగి అన్నవాడు కనబడితే తాళమే అని ఓనర్ ముందే చెప్పాడు.

లోపల కుర్చీ జరిగిన చప్పుడు. తర్వాత ఒక మగ గొంతు. బాగా అలసిపోయిన గొంతు.

“జలంధర్... కోయీ తక్లీఫ్?”

ఓనర్ మనిషే. తను చూడనప్పుడు ఎప్పుడో లోపలికి వెళ్లి ఉంటాడు.

“సాబ్... గుండెల...”

ఇన్నేళ్లకి నోరు విప్పుతున్నాడు. ఇప్పుడా? ఓనర్ మనిషి ముందా? మమతకి ఒళ్లు మండింది. లేచి వెళ్లి, తలుపుకి నోరు ఆనించి గట్టిగా అంది.

“మాఫీ ముష్కిల్ సాబ్. అతనికేం లేదు.”

లోపల కాగితం తిప్పిన చప్పుడు.

“పక్కా?”

ఈసారి గొంతు తలుపు అవతలే, సరిగ్గా ఆమె నోటి ఎత్తులో ఉంది. చెక్కలోంచి చల్లటి ఊపిరి పెదాలకి తగిలింది.

దూరంగా, గది మూల నుంచి జలంధర్ గుసగుస. “అక్కా... చెప్పకు... నా బదులు చెప్పకు...”

విన్నది. విని కూడా అంది.

“పక్కా.”

ధప్‌మని స్టాంపు పడింది.

తలుపు తోసింది. గదికి ఇంకో తలుపు లేదు. కిటికీ లేదు. జలంధర్ ఒక్కడే మంచం పక్కన మోకాళ్ల మీద ఉన్నాడు. స్క్రూడ్రైవర్ అతని ఎడమ అరచేతిలోంచి మంచం చట్రంలోకి దిగి ఉంది. కుడిచేత్తో దాన్ని తిప్పుతున్నాడు. మెల్లగా... ఇంకా లోపలికి...

“జలంధర్... చెయ్యి...”

“మాఫీ ముష్కిల్ అక్కా.”

నవ్వుతున్నాడు. కళ్లలోంచి మాత్రం నీళ్లు ధారగా కారుతున్నాయి. నోరు తెరిచి ఏదో చెప్పబోయాడు. గొంతు నరాలు ఉబ్బాయి.

“మాఫీ ముష్కిల్.”

మమత ఫోన్ చేయగానే, పక్క సందులో ఉండే కడప నర్సు నస్రీన్ పరిగెత్తుకొచ్చింది. చెయ్యి విడిపించింది. బొట్టు రక్తం రాలేదు. అతని ఛాతీ మీద స్టెతస్కోపు పెట్టింది. జరిపింది. మళ్లీ పెట్టింది.

“ఏందక్కా ఇది...”

“గుండె ఆగిందా?”

“గుండె చప్పుడే లేదు.” నస్రీన్ గొంతు తగ్గించింది. “లోపల... శానామంది కూచోనుండారు. అందరూ దగ్గుతాండారు.”

స్టెతస్కోపు గొట్టం అందించింది. మమత చెవుల్లో పెట్టుకుంది.

దగ్గులన్నీ ఒక్కసారిగా ఆగిపోయాయి. ఆ తర్వాత, బల్ల మీద ఎవరో పక్కకి జరిగి ఆమెకి చోటిచ్చిన చప్పుడు.