టోయివో పెరటి గుమ్మం

హెరాన్ వీధి చివరి ఇల్లంటే ఆ కాలనీలో అందరికీ హడల్. మినియాపొలిస్ నగరం అంచున, ఒకే అచ్చులో పోసినట్టుండే ఇళ్ళ మధ్య ఆ ఒక్క ఇంటి ముందు మాత్రం పిల్లలు ఆగేవారు కాదు, కుక్కలు ఆగేవి కాదు. శీతాకాలం సాయంత్రం ఐదయ్యేసరికి చీకటి పడుతుంది. చీకటి పడితే చాలు, పెరట్లోంచి పార చప్పుడు... గర్ర్... గర్ర్... ఎవరో మంచు తవ్వుతున్నట్టు.

వెళ్ళి చూస్తే ఎవరూ ఉండరట.

ఎవరూ వెళ్ళి చూడలేదనుకోండి. అది వేరే సంగతి.

ఆ ఇంటి ముసలాయన టోయివో కోస్కెలా జనవరి మొదటి వారంలో పెరటి గుమ్మం మీదే గడ్డకట్టి చచ్చిపోయాడు. ఒంటి మీద పల్చటి చొక్కా, కాళ్ళకు మేజోళ్ళు — అంతే. తలుపు దానంతటదే మూసుకుని తాళం పడిపోయిందనీ, ముసలాయన బయట చిక్కుకుపోయాడనీ పోలీసులు అరగంటలో తేల్చేశారు. మరి నుదుటి మీద గాయం? జారిపడి ఉంటాడు. ఫైలు మూశారు, కాఫీకి వెళ్ళారు.

మూడు వారాల తర్వాత ఆయన మేనకోడలు ట్రూడీ, రోవీనా స్టెంగల్ ఆఫీసుకు వచ్చింది. రోవీనా ఇరవై రెండేళ్ళు పోలీసు ఉద్యోగం చేసి, విసుగెత్తి మానేసి, ప్రైవేటు డిటెక్టివ్‌గా బోర్డు పెట్టుకున్న మనిషి. దెయ్యాలను నమ్మేవాళ్ళంటే ఆమెకు ఒళ్ళుమంట. మనుషులను నమ్మేవాళ్ళంటే జాలి.

"మీ మామయ్యను ఎవరైనా చంపారని అనుమానమా?" అంది రోవీనా.

"చంపడమేంటండీ! అంత అదృష్టమా ఆయనకి... అదే, అంతటి శత్రువులెవరున్నారని! ఆ ఇంట్లో దెయ్యం లేదని తేల్చండి, చాలు. కొనడానికొచ్చిన ముగ్గురూ పార చప్పుడు విని పారిపోయారు."

"ఆయన పోయిన రోజు మీరెక్కడున్నారు?"

"డులూత్‌లో. మా ఇంట్లో. క్రిస్మస్ తర్వాత ఆయన పోయేదాకా ఇటు రానే లేదు."

ఈ మహాతల్లికి మామయ్య పోయిన బాధ లేదు, ఇల్లు అమ్ముడుపోని బాధే అనుకుంది రోవీనా. తాళంచెవులు తీసుకుంది.

వీధిలో ఆరిళ్ళు తిరిగింది. ఆరిళ్ళలోనూ ఒకటే పాట.

"దెయ్యాన్ని మీరు చూశారా?"

"నేను చూళ్ళేదమ్మా, క్లిఫర్డ్ చూశాడు."

క్లిఫర్డ్ హాప్కీ అంటే పక్కింటాయన. కాలనీ సంఘానికి అధ్యక్షుడు. ఎవరి పచ్చిక ఎన్ని అంగుళాలు పెరిగిందో స్కేలు పెట్టి కొలిచే రకం. ఆయన మాత్రం కళ్ళు పెద్దవి చేసి, గొంతు తగ్గించి చెప్పాడు: "చీకట్లో ఆ పెరటి వైపు వెళ్ళకండి మేడమ్... మీ మంచికే చెబుతున్నా."

మంచి కోరేవాళ్ళను చూస్తే రోవీనాకు ఎప్పుడూ అనుమానమే.

ఆ సాయంత్రమే ఖాళీ ఇంటి వంటగదిలో దీపం వేయకుండా కూర్చుంది. హీటరు లేదు. ఫ్లాస్కులో కాఫీ అప్పటికే చల్లారిపోయింది. బయట కొత్తగా మంచు పడుతోంది. ఐదున్నర... ఆరు...

గర్ర్...

ఆమె చేతిలో కప్పు ఆగింది.

గర్ర్... గర్ర్...

వెన్నులో ఏదో జరజరా పాకింది. 'సిగ్గులేదూ నీకు, ఈ వయసులో!' అని తనను తానే తిట్టుకుంది. చప్పుడు కాకుండా తలుపు తీసింది. గుమ్మానికి నాలుగడుగుల దూరంలో ఒక నల్లటి ఆకారం, వంగి, మంచు తవ్వుతోంది. తవ్వుతోంది... ఆగుతోంది... నడుం పట్టుకుని రొప్పుతోంది.

రొప్పే దెయ్యం!

టార్చి వేసింది. క్లిఫర్డ్.

"ఏమయ్యా అధ్యక్షుడూ, దెయ్యానికి నడుం నొప్పా?"

పార జారిపోయింది. ఆయన మంచులోనే కూలబడ్డాడు.

"నా చెవి మిషన్ పడిపోయిందండీ... ఆ రోజు... ఇక్కడే. మంచు కరిగితే ఎవరికైనా దొరుకుతుందని..."

"ఏ రోజు?"

చెప్పేశాడు. తన మంచును టోయివో పెరట్లోకి ఎత్తిపోస్తుంటే ముసలాయన మేజోళ్ళతోనే బయటికొచ్చి కాలర్ పట్టుకున్నాడట. పెనుగులాట. ఒక్క తోపు. ముసలాయన పడ్డాడు, తల మెట్టుకు కొట్టుకుంది.

"కానీ లేచాడండీ! దేవుడి మీద ఒట్టు! నేను కంచె వెనక నక్కి చూశాను. లేచి, తూలుతూ వెళ్ళి తలుపు కొట్టాడు. మూడుసార్లు. లోపల దీపం వెలుగుతోంది. మనిషి నీడ కూడా కనిపించింది. సరే, ఎవరో ఉన్నారు, తీస్తారు కదా అని..." పడిపోయిన పారను దగ్గరికి లాక్కున్నాడు. "దీపం ఆరిపోయిందండీ."

"తలుపు తీయలేదు?"

"తీయలేదు."

"నువ్వూ కంచె దాటి రాలేదు."

"నా మీదకి వస్తుందని..."

"ఇంటికెళ్ళి పడుకున్నావు. పొద్దున లేచి దెయ్యం కథ అల్లావు." రోవీనా ఉమ్మేసినట్టుగా అంది. "నీ పచ్చిక మాత్రం భలే చక్కగా ఉంటుందయ్యా."

లోపలున్నదెవరో క్లిఫర్డ్‌కు తెలీదు. నీడకు మొహం ఉండదు కదా. కానీ ముసలాయన ఇంట్లోకి చొరవగా వచ్చిపోయే మనిషి, పోతే లాభపడే మనిషి ఒక్కరే ఉన్నారు. ఆ ఒక్కరి చేత నిజం కక్కించడమెలా? రోవీనా ఒక పథకం ఆలోచించింది. తనకే నవ్వొచ్చింది, అంత చవకబారుగా ఉంది అది.

మర్నాడు సాయంత్రం ట్రూడీ డులూత్ నుంచి వచ్చింది. "దెయ్యం దొరికిందన్నారు?"

"దొరికింది. కూర్చోండి."

వంటగదిలో ఒకే ఒక్క దీపం. బల్ల మీద రోవీనా టోపీ. టోపీ కింద ఫోను — మాటలు రికార్డు చేస్తూ. సరిగ్గా ఆరింటికి క్లిఫర్డ్ చుట్టూ తిరిగొచ్చి పెరటి తలుపు మూడుసార్లు కొట్టాలి. అదీ ఏర్పాటు.

ట్రూడీ ధర గురించి మాట్లాడుతూనే ఉంది. రోవీనా ఊ కొడుతూ గోడ గడియారం చూసింది. ఆరింటికి ఇంకా నాలుగు నిమిషాలున్నాయి.

టక్.

ట్రూడీ తల పెరటి తలుపు వైపు తిరిగింది.

టక్... టక్...

మెల్లగా. బరువుగా. శక్తి లేని చెయ్యి కొట్టినట్టు.

"ఎవరది?" అని అడగలేదు ట్రూడీ. రోవీనా వైపు చూడనైనా లేదు. ఒక్క ఉదుటున లేచింది. చెయ్యి నేరుగా గోడ మీది స్విచ్ దగ్గరికి వెళ్ళింది.

దీపం ఆరిపోయింది.

చీకట్లో ఆమె ఊపిరి వినిపిస్తోంది. తర్వాత గొణుగుడు... "వెళ్ళిపో మామయ్యా... నేను తీయను... సంతకం పెట్టమని ఎంత బతిమాలానూ... పెట్టావా? వెళ్ళిపో..."

రోవీనా అలాగే కూర్చుని మొత్తం విన్నది. ఆ రోజు కారేసుకుని రావడం, ఇల్లు తన పేర రాయమని దెబ్బలాడటం, తలుపు చప్పుడైతే దీపం ఆర్పేసి చెవులు మూసుకోవడం, చప్పుడు ఆగాక ముందు గుమ్మం నుంచి వెళ్ళిపోవడం... తర్వాత పోలీసుల దగ్గర కూడా ట్రూడీ ఒక్క ముక్క మార్చలేదు.

అంతా అయ్యాక రోవీనా దీపం వేసింది. ట్రూడీ నేల మీద ముడుచుకుని ఉంది. ఛీ అనబోయి, అది కూడా దండగనిపించి, పెరటి తలుపు తీసింది. ఏమాటకామాటే — ఆ పిరికి క్లిఫర్డ్ నాటకం బాగానే కట్టాడు.

గుమ్మం మీద ఎవరూ లేరు. మధ్యాహ్నం పడ్డ మంచు, గీత కూడా పడకుండా, పరుపులా పరుచుకుని ఉంది.

ఇంటి మూల తిరిగి, మోకాలిలోతు మంచులో ఈడ్చుకుంటూ క్లిఫర్డ్ వచ్చాడు. ఒగరుస్తూ, చేతి తొడుగు తీస్తూ, గుసగుసగా అడిగాడు:

"ఆలస్యమైందా మేడమ్? ఇప్పుడు కొట్టనా?"