ఉప్పు బంగళాలో నీలి వేళ్లు

కళింగపట్నంలో పొద్దుగూకాక ఉప్పు బంగళా వైపు ఎవరూ పోరు. ఆ ఇంటికి ఎప్పటినుంచో చెడ్డపేరు ఉంది. ఈమధ్య అయితే దాని కిటికీలో నీలం వెలుతురు కనబడుతుందని, ఆ వెలుతురులో వేళ్లు ఆడతాయని... చూసినవాళ్లే చెబుతారు. అందులో అద్దెకు దిగిన మురళీమోహన్ అసలు మనిషేనా అని కొందరికి అనుమానం.

రేవులో రొయ్యలు అమ్మే లక్ష్మణమ్మకు ఆ అనుమానం లేదు. ఆయన ఇంట్లో గాజుతొట్టి పెట్టి సముద్రపు చేపల్ని, పగడాల్ని పెంచుతున్నాడట. వాటికి మేత తయారు చేసే పని ఆమెకు ఒప్పజెప్పాడు. పచ్చి రొయ్యలు, ఆల్చిప్పల మాంసం సన్నగా తరిగి, ప్లాస్టిక్ కవర్లో అప్పడంలా పల్చగా పరిచి, ఫ్రిజ్జులో గడ్డ కట్టించి ఇవ్వాలి. అందులో ఇంకేమీ కలపకూడదు.

"పగడాలకి నోరేటి బాబూ?" అని నవ్విందామె.

"ఉందమ్మా. రాత్రి తొమ్మిది దాటాకే తెరుస్తాయి."

పిచ్చిమాట అనుకుంది. కాని ఒప్పుకున్న పని ఒప్పుకున్నదే.

ఒక శనివారం సాయంత్రం కవర్లు ఇచ్చి వచ్చింది. రాత్రి పొయ్యి దగ్గర సర్దుతుంటే పసుపు డబ్బా మూత తీసి కనిపించింది. ఆ రోజు ఇంట్లో కూర వండలేదు. మరి పసుపు ఎవరు తీసినట్టు?

నలభై ఏళ్లుగా రొయ్య ఒలవగానే ఉప్పూ పసుపూ రుద్దే చెయ్యి... దాని పని అది చేసేసింది.

ఫోను చేసింది. మోగింది, మోగింది... ఎత్తలేదు.

"తెల్లారేక సెప్పొచ్చు కదే" అన్నాడు భర్త నూకయ్య.

"తెల్లారేసరికి ఆ సేపలు సచ్చిపోతే ఎవులు బతికిస్తారు? నువ్వొస్తావా?"

"నాను ఈ గుమ్మంకాడే ఉండి సూస్తంటాను. నీకేటి భయం లేదు."

తప్పు చేసిన మనిషికి భయపడే తీరిక ఉండకూడదు. లక్ష్మణమ్మ ఒక్కతే బయల్దేరింది.

దారిలోని సరుగుడు తోటలో వెనక ఏదో అడుగుల చప్పుడు. ఆమె ఆగింది. చప్పుడూ ఆగింది. తన చెప్పులే. విప్పి చేత పట్టుకుంది.

బంగళా గేటు తీసే ఉంది. కిటికీలో నీలం... ఆ నీలంలో వేళ్లు. పదీ ఇరవై కాదు — వందల వేళ్లు, మెల్లగా ముడుచుకుంటూ, విచ్చుకుంటూ, దేన్నో అడుగుతున్నట్టు. వాటి పైన ఒక మనిషి. రెండు చేతులున్నాయి, మొండెం ఉంది... తల లేదు.

కాళ్లు వెనక్కి లాగాయి. నోరు మాత్రం తగ్గలేదు.

"పసుపుంది బాబూ... తిననీకండి. పసుపుంది..."

తల లేని మనిషి కదిలాడు. తొట్టి మీద వేలాడే దీపం రేకు వెనక నుంచి మురళీమోహన్ తల పైకి లేచింది.

"మెల్లగా రండి... అదిరితే ముడుచుకుపోతాయి" అన్నాడు గుసగుసగా.

"ఏటివి?"

"పగడాలే. నోళ్లు తెరిచాయి."

ఆయన చేతిలో టీ జల్లెడ ఉంది. గడ్డను అందులో కరిగించి, ఉప్పునీళ్లతో కడిగితేగాని ఆయన మేత పెట్టడు. ఇందాక కడిగిన నీళ్లు పసుప్పచ్చగా రాగానే ఆ గడ్డను పక్కన పెట్టేసి, ఆమె అంతకుముందు ఇచ్చిన పాత కవరు తీశాడు. తడిచేతులతో ఉండి ఫోను ఎత్తలేదు.

"తప్పు నాదే. రేపు కొత్తది సేసి తెస్తాను" అంది లక్ష్మణమ్మ.

"రాత్రిపూట ఈ గడప తొక్కిన మొదటి మనిషి మీరేనమ్మా" అని ఆయన స్టూలు జరిపాడు. ఆమె కూర్చుని, పగడాలు పసిపిల్లల్లా ఒక్కొక్క రొయ్యముక్కా మింగుతుంటే చివరిదాకా చూసింది.

మర్నాడు రేవులో పోతురాజు అనే జాలరి పదిమందిని పోగేశాడు.

"రేత్రి వలకాడికి పోతా నా సెవులతో ఇన్నాను. బంగళాలో ఆడదెయ్యం. 'పసుపుంది, తిననీకండి' అని ఇంకో దెయ్యాన్ని బతిమాలతన్నాది."

కొత్త రొయ్యలు ఏరుకుంటున్న లక్ష్మణమ్మకు అబద్ధం గిట్టదు. లేచి అతని ఎదుటికి వెళ్లింది.

"ఆ దెయ్యం నానే" అంది.

పోతురాజు నవ్వలేదు. చేతిలోని చేపల బుట్ట అక్కడే వదిలేసి, ఆమె పాదాలు ఎటు తిరిగి ఉన్నాయో చూస్తూ... రెండడుగులు వెనక్కి వేశాడు.