కొంగున మిగిలిన నిమ్మకాయ

డిటెక్టివ్ జగన్‌మోహన్ దగ్గరికి వచ్చేవాళ్లు మామూలుగా తలుపు తట్టి, పిలిచాక లోపలికి వస్తారు. 1964 మార్చిలో ఆ శుక్రవారం ఉదయం వచ్చినావిడ తలుపు తట్టలేదు. తోసుకుని వచ్చి, తలుపు తానే మూసి, గొళ్లెం కూడా పెట్టింది.

"నా ఎంబడి ఎవరన్న వచ్చిన్రా, జర చూడున్రి సారు," అంది.

సహాయకుడు రామ్‌కిషన్ ఒక్క ఉదుటున కిటికీ దగ్గరికి వెళ్లాడు. సుల్తాన్ బజారు వీధిలో ఒక సైకిలూ, ఒక మామిడికాయల బండీ తప్ప ఏమీ లేవు. అతని ముఖం కొంచెం వాడిపోయింది. వెంటాడేవాళ్లు లేని కేసంటే అతనికి ఉప్పు లేని పప్పు.

ఆవిడకు నలభై ఏళ్లుంటాయి. నుదుట మూడు విభూతి రేఖలు, మెడలో వెండి లింగకాయ. జగన్‌మోహన్ కుర్చీ చూపించాడు.

"నా పేరు బసమ్మ. మాది జహీరాబాద్. మా ఆయన పోయి మూడేండ్లాయె. కోహీర్ దిక్కు చేను అమ్మి నిరుడు దసరకు కొత్త గజకేతు కంపెనీ లారీ కొన్న. డీజిల్ ఇంజను. ఏడాది గ్యారంటీ అని కాయితం ఇచ్చిన్రు. ఐదు నెలలు గాలే, కందులు ఏసుకొని కోహీర్ చడావు ఎక్కుతుంటె ఇంజను పట్టేసింది."

"తర్వాత?"

"మా డ్రైవర్ సాయన్న బండి ఇడువకుంట అక్కడనే కూసున్నడు. తెల్లారి కంపెనీ మనిషి వచ్చిండు, చంద్రశేఖర్ సారని. ఇంజనుకు సీసం సీల్లు ఏసి, రామచందర్ మేస్త్రి కార్ఖానకు లాగించిండు. తొమ్మిది దినాలకు పోలీసు అమీన్ సాబ్ ముందట, మా అందరి ముందట ఇంజను విప్పిన్రు. అడుగున ఇసుక ఉన్నది సారు. పిడికెడు ఇసుక! డ్రైవరే పోసిండు, గ్యారంటీ చెల్లదు అన్నరు. సాయన్నను లాకప్పుల ఏసిన్రు. సోమవారం సంగారెడ్డి కోర్టుకు తోల్కపోతరట. లైసెన్స్ పోతది, జైలు పడ్తది. ముగ్గురు పిల్లలు ఆయనకు."

"ఇక్కడికి రావడానికి అంత భయమెందుకు?"

"ఎవలకన్న చెప్తె నన్ను గూడ కేసుల ఇరికిస్తనన్నడు ఆ చంద్రశేఖర్ సారు."

"సాయన్న మీద మీకు అనుమానం లేదా?"

"లేదు. నా అనుమానం మా మరిది రేవణసిద్ధప్ప మీద. ఆయనకు రెండు పాత లారీలున్నయి. ఆడమనిషికి లారీ ఎందుకు, నాకియ్యి అని దసర కాడికెళ్లి ఒక్కటే పాట."

కళ్లు తుడుచుకోవడానికి ఆవిడ కొంగు విప్పింది. ముడిలోంచి ఎండిపోయిన నిమ్మకాయ ఒకటి జారి, దొర్లుకుంటూ వెళ్లి రామ్‌కిషన్ బూటుకు తగిలింది.

బసమ్మ సిగ్గుపడింది. "ఇంజను విప్పేనాడు దిష్టికి కొయ్యనీకి మేస్త్రికి ఇద్దామని తీస్కపోయిన. అక్కర లేదన్నడు. అప్పటికెళ్లి కొంగుననే ఉన్నది. మర్చేపోయిన."

జగన్‌మోహన్ ఆ నిమ్మకాయను తీసి బల్ల మీద పెట్టాడు. కాసేపు దాన్నే చూస్తూ కూర్చున్నాడు. మనిషి ఏడుస్తుంటే నిమ్మకాయ చూడడమేమిటని రామ్‌కిషన్‌కు కష్టంగా తోచింది. కాని గురువుగారి పద్ధతులు ఎనిమిదేళ్లుగా ఎరిగినవాడు కాబట్టి పెట్టె సర్దడానికి లేచాడు.

* * *

శనివారం మధ్యాహ్నానికి ఇద్దరూ జహీరాబాద్‌లో దిగారు. రామచందర్ కార్ఖానా బొంబాయి రోడ్డు మీదే ఉంది. ముందు గజకేతు కంపెనీ బోర్డు, రేకుల కప్పు, ఎర్రమట్టి నేల. లారీ ఒక పక్కన మూగగా నిలబడి ఉంది. దాని ఇంజను విడి భాగాలుగా తాటిపత్రి గుడ్డ మీద పరిచి ఉంది. కాపలాకు ఒక కానిస్టేబుల్ ఉన్నాడు.

చంద్రశేఖర్ తెల్లటి బుష్‌కోటు మనిషి. మర్యాదకు లోటు లేదు. అడగకుండానే కుర్చీ వేయించాడు, టీ తెప్పించాడు.

"చూడవలసింది ఏమీ లేదండీ. రేపు మధ్యాహ్నం మా డిపో బండి వస్తుంది. ఈ ఇంజను హైదరాబాద్ తీసుకుపోతాం, మా ఖర్చుతోనే. పాపం, ఆవిడకు ఈ తుక్కు మోసే శ్రమ ఎందుకు?"

"దయగల కంపెనీ," అన్నాడు జగన్‌మోహన్.

తీసి ఉంచిన ఇసుకను సీసాలో పోసి, పోలీసులు లక్క ముద్ర వేశారు. జగన్‌మోహన్ సీసాను ఎండలో తిప్పి చూశాడు. నూనె అంటినా, రేణువులు తెల్లగా, అంచులు అరగకుండా కోసుగా ఉన్నాయి. తరువాత ఇంజను పైభాగం దగ్గర వంగి, నూనె పోసే మూతి లోపల గుడ్డతో తుడిచాడు. గుడ్డకు నల్లటి నూనె తప్ప ఒక్క రేణువు అంటలేదు. నీలంగా కమిలిపోయిన బేరింగుల మీద వేలు పెట్టి రుద్దాడు. గీతలు లేవు.

ఇంతలో రామ్‌కిషన్ పిలిచాడు. "గురువుగారూ, ఈ డ్రైవర్ పరమ మురికివాడు. తలుపు చూడండి."

లారీ తలుపు లోపలివైపు పైనుంచి కిందిదాకా వేలెడంత నల్లటి గీతలు వరసలు వరసలుగా ఉన్నాయి. జగన్‌మోహన్ తలుపును వెలుతురుకు తిప్పాడు. మొదటి రెండు వరసలు మామూలు నలుపు. ఆ తరువాతి వరసల్లో సన్నటి రాగిరంగు మెరుపు ఉంది. కిందికి వచ్చేకొద్దీ ఎక్కువైంది.

కార్ఖానా ఇంకో మూల రామచందర్ మేస్త్రి బావి ఇంజను ఒకటి ముందేసుకుని కూర్చున్నాడు. యాభై ఏళ్ల బక్కమనిషి. పక్కన దాని యజమాని, ఝరాసంగం రైతు సంగయ్య, జేబులోంచి నిమ్మకాయ తీసి ఇవ్వబోయాడు.

మేస్త్రి నవ్వాడు. "పోయినేడు విప్పినప్పుడే కోస్తిమి గదనే. ఒక ఇంజనుకు ఒక్కటే నిమ్మకాయ, తొలిసారి విప్పేటప్పుడు. రెండోది కోస్తె మా ఉస్తాద్ మాట దాటినట్టే."

"మరి తొలిసారి కొయ్యకపోతే?" అని జగన్‌మోహన్ అడిగాడు.

"పానా ముట్టను సారు. ముప్పై ఏండ్ల సంది ఒక్కసారి తప్పలే," అన్నాడు మేస్త్రి గర్వంగా. అన్నాక ఎందుకో ముఖం తిప్పుకుని పనిలో పడ్డాడు.

రేవణసిద్ధప్ప గంజ్ ధాన్యం బజారులో దొరికాడు. మనిషి కుండబద్దలు కొట్టినట్టు మాట్లాడతాడు. "లారీ నాకు కావాలంటి. అవును, అంటి. మా వదినె కష్టపడుతదని అంటి. ఇసుక పోసి చెడగొట్టుకున్న లారీ నేనేం చేసుకుంట? అచారు ఏసుకోవాల్నా?"

పోలీసు ఠాణాలో సాయన్న కటకటాల వెనక మోకాళ్ల మీద తల పెట్టుకుని ఉన్నాడు. తలుపు మీద గీతల సంగతి అడగగానే తలెత్తాడు.

"పొద్దుగాల బండి కదిలేముందు గేజి కడ్డీ తీసి నూనె చూస్త సారు. తుడిచేది ఆ తలుపుకే. రోజుకొక్క గీత. ఐదు నెలల్ల ఒక్క పొద్దు తప్పలే. బండి నడపడం నేర్పినప్పుడు మా రామచందర్ మామ చెప్పిండు, చూసినట్టు గుర్తుండాలె అని."

"గీతలు మెరుస్తున్నాయి. చూశావా?"

"చూసిన. కొత్త ఇంజను గద, నూనె గిట్ల బంగారం లెక్క మెరుస్తదేమో అనుకున్న. ఖుషీ పడ్డ," అన్నాడు సాయన్న. "మాల్ ఏస్తె ఇంజను కొట్టుకుంటున్నదని మాత్రం రెండుసార్లు కంపెనీ వాళ్లకు చెప్పించిన. మెల్లగ నడుపుమన్నరు."

బయటికి వచ్చాక జగన్‌మోహన్ ఆ మెరుపు ఏమిటో సహాయకుడికి చెప్పాడు. ఆ ఖుషీ గుర్తుకు వస్తే రామ్‌కిషన్‌కు ఆ పూట అన్నం సయించలేదు. అది అతని విషయంలో చిన్న సంగతి కాదు.

* * *

ఆదివారం ఉదయం పది గంటలకు అందరూ కార్ఖానాలో చేరారు. సబ్ ఇన్‌స్పెక్టర్ విరూపాక్ష సాయన్నను వెంట తెచ్చాడు. బసమ్మ ఒక పక్క, రేవణసిద్ధప్ప ఒక పక్క నిలబడ్డారు. మేస్త్రి నేల చూస్తున్నాడు. చంద్రశేఖర్ గడియారం చూస్తున్నాడు.

"నాకు మొదట అనుమానం కలిగించింది కంపెనీవారి దయ," అని మొదలుపెట్టాడు జగన్‌మోహన్. "తప్పు డ్రైవర్‌దని తేల్చారు. ఇక ఈ ఇంజనుతో వారికేం పని? అయినా సొంత ఖర్చుతో, అదీ కోర్టు కంటే ముందుగా, తీసుకుపోతామంటున్నారు. పనికిరాని వస్తువు కోసం ఎవరైనా ఇంత తొందరపడితే అందులో ఏదో ఉందన్నమాట."

"అది మా పద్ధతి," అన్నాడు చంద్రశేఖర్.

"కావచ్చు. ఇక ఈ ఇసుక. ఇంజను నడుస్తుండగా ఇసుక పడితే బేరింగుల మధ్య నలిగి పిండి అవుతుంది. బేరింగులు గీతలు పడతాయి. ఇక్కడ రేణువు రేణువూ కోసుగా ఉంది, బేరింగుల మీద గీత లేదు. అంటే ఇంజను ఆగిపోయాకే ఇసుక పడింది."

"ఆగినంక డ్రైవరే పోసి ఉండొచ్చు గదా," అన్నాడు సబ్ ఇన్‌స్పెక్టర్.

"డ్రైవర్ పోయాలంటే పైనున్న మూతిలోంచే పోయాలి. ఆ దారిలో ఒక్క రేణువు లేదు. ఇసుక కిందినుంచి వచ్చింది, అడుగు చాంబర్ విప్పినవాడి చేతిలోంచి. మరి అడుగున సీళ్లున్నాయి. మీరు చూసిన రోజు సీళ్లు సరిగ్గానే ఉన్నాయి కదా?"

"ఉన్నయి."

"సీసం సీలు తెంపితే మళ్లీ వేయడానికి కంపెనీ గుర్తున్న పటకారు కావాలి. జహీరాబాద్‌లో అది ఒక్కరి సంచిలోనే ఉంది."

చంద్రశేఖర్ నవ్వాడు. "ఊహలు, సార్. మీ అందరి ముందు విప్పేదాకా ఈ ఇంజనును ఎవరూ ముట్టలేదు."

జగన్‌మోహన్ జేబులోంచి ఎండిన నిమ్మకాయ తీసి తాటిపత్రి మీద పెట్టాడు.

"బసమ్మగారూ, ఆ రోజు దీన్ని ఇస్తే మేస్త్రి ఏమన్నాడు?"

"అక్కర లేదన్నడు."

"తొలిసారి విప్పే ఇంజనుకు నిమ్మకాయ కొయ్యకుండా పానా ముట్టనని నిన్న ఇతనే నాతో అన్నాడు. ఒక ఇంజనుకు ఒకటే, రెండోసారికి అక్కర లేదని కూడా ఇతనే అన్నాడు. రామచందర్, ఈ ఇంజను నిమ్మకాయ ఎప్పుడు కోశావు?"

ఆ రోజు అందరి ముందూ ఇంకో నిమ్మకాయ కోసి ఉంటే మేస్త్రి తప్పించుకునేవాడు. అబద్ధమాడడానికి ఒప్పుకున్నాడుగాని, ఉస్తాద్ మాట దాటడానికి మాత్రం చెయ్యి రాలేదు.

"మామా," అన్నాడు సాయన్న. "నువ్వా?"

రామచందర్ చంద్రశేఖర్ వైపు చెయ్యి చూపించాడు. "సీల్ ఏసిన మూడో దినం సారు విప్పించిండు. అప్పుడే కోసిన. లోపల చూసి సారు ముఖం నల్లగయింది. ఇసుక ఆయన తెచ్చిండు, నా చేతులల్ల పోసిండు. పొయ్యకపోతె కార్ఖానకున్న కంపెనీ బోర్డు తీసేస్తనన్నడు. డ్రైవర్‌కు ఏం కాదు, ఒట్టి కాయితం పని అన్నడు. లాకప్పుల ఏస్తరని నాకు తెల్వది సాయన్నా. నా పిల్లల మీద ఒట్టు, తెల్వది."

"లోపల ఏం చూశారో నేను చూపిస్తాను," అన్నాడు జగన్‌మోహన్. రామ్‌కిషన్ అందించిన చీపురు పుల్ల తీసుకుని, తాటిపత్రి మీదున్న బరువైన క్రాంకు ఇరుసు పక్కన కూర్చున్నాడు. "బేరింగులకు నూనె అందడానికి ఇందులో రంధ్రాలు తొలుస్తారు. చూడండి."

పుల్ల మొదటి రంధ్రంలో దూరి అవతలికి వచ్చింది. రెండోదాంట్లోనూ వచ్చింది. మూడోదాంట్లో సగం దాకా వెళ్లి ఆగిపోయింది. సబ్ ఇన్‌స్పెక్టర్ తానే తీసుకుని పొడిచి చూశాడు. పుల్ల విరిగింది.

"ఫ్యాక్టరీలో తొలిచినప్పటి ఇనుప పొట్టు. తీయకుండా బిగించి అమ్మారు. దాని సందులోంచి ఊరిన కాస్త నూనెతో ఈ ఇంజను ఐదు నెలలు నడిచింది. బేరింగు అరిగి, ఆ రాగి పొడి నూనెలో కలిసి, రోజూ సాయన్న తలుపు మీదికి ఎక్కింది. పాపం, అతను దాన్ని కొత్తదనం అనుకున్నాడు."

సబ్ ఇన్‌స్పెక్టర్ చంద్రశేఖర్ చేతిలోని తోలుసంచి తీసుకున్నాడు. సీలు పటకారు ఉంది. దాని కింద టైపు కొట్టిన కాగితం ఒకటి ఉంది. 'నూనె రంధ్రాల అనుమానం' అన్న శీర్షిక కింద పదకొండు ఇంజను నంబర్లు. బసమ్మ లారీది ఏడోది. నాలుగో నంబరు ఎదురుగా ఉన్నది ఆయన పైకి చదివాడు: "ఘాట్‌లో ఇంజను పట్టేసి బోల్తా. డ్రైవర్ మృతి. కారణం: డ్రైవర్ నిర్లక్ష్యం."

రేవణసిద్ధప్ప ఏదో తిట్టబోయి, వదిన ఉందని మింగేశాడు.

చంద్రశేఖర్ గొంతు తగ్గింది. "నేను ఉద్యోగస్తుణ్ణి. పైనుంచి వచ్చిన హుకుం. బసమ్మగారికి కొత్త ఇంజను ఇప్పిస్తాను. ఈ వారంలోనే. ఈ విషయం ఇక్కడితో..."

అందరూ బసమ్మ వైపు చూశారు. చేను అమ్మి కొన్న లారీ. రోజుల తరబడి కదలని లారీ. ఒక్క మాటతో మళ్లీ రోడ్డెక్కుతుంది.

"ఆ కాయితం మీద నాలుగో నంబరు డ్రైవర్ పేరేంది?" అని అడిగింది ఆవిడ.

చంద్రశేఖర్‌కు తెలియదు.

"తెల్సుకో. తప్పు ఆయనది కాదని ఆ ఇంటికి రాసియ్యి. మిగిలిన లారీలోల్లందరికి బండ్లు ఆపుమని తార్లు కొట్టు. మా ఇంజను సంగతి ఆఖరికి మాట్లాడుదం."

తంతి వార్తలు ఆ మధ్యాహ్నమే జహీరాబాద్ తపాలా ఆఫీసు నుంచి వెళ్లాయి. ఆదివారమైనా సబ్ ఇన్‌స్పెక్టర్ ఆఫీసు తెరిపించి, దగ్గర నిలబడి మరీ కొట్టించాడు. సాయన్న ఆ పూటే ఇంటికి పోయాడు. చంద్రశేఖర్ సోమవారం సంగారెడ్డికి పోయాడు.

మేస్త్రి విషయంలో మాత్రం చిక్కు వచ్చింది. అతని మీద కేసు నడుస్తోంది, జామీను మీద బయట ఉన్నాడు. బోర్డు ఎలాగూ పోయింది. కొత్త ఇంజను మే నెలలో వచ్చేసరికి, దాన్ని బిగించగల చెయ్యి చుట్టుపక్కల ఇంకొకటి లేదు. మేస్త్రిని పిలుద్దామా అని బసమ్మ సాయన్నను అడిగింది. సాయన్న రెండు రోజులు ఆవిడ ఇంటి వైపు రాలేదు. మూడో రోజు తానే వెళ్లి రామచందర్ గుమ్మం ముందు నిలబడి, "రా," అన్నాడు. మామా అని మాత్రం అనలేదు.

పట్టపగలు, రోడ్డు మీద నలుగురూ చూస్తుండగా పని జరిగింది. మొదలుపెట్టేముందు సాయన్న ఒక మాట అడిగాడు: బిగించకముందే విప్పి, ప్రతి రంధ్రంలో పుల్ల పెట్టి చూడాలి. ఎవరూ కాదనలేదు. బసమ్మ కొంగు ముడి విప్పి కొత్త నిమ్మకాయ తీసింది. రామచందర్ దాన్ని చెక్క మీద పెట్టి కత్తి ఆనించాడుగాని, కాయ దొర్లిపోయింది. సాయన్న దాన్ని తెచ్చి మళ్లీ చెక్క మీద పెట్టాడు. తరువాత ముందుకు వంగి, కాయ జారిపోకుండా రెండు వేళ్లతో పట్టుకున్నాడు.

"కొయ్యి మామా," అన్నాడు.