నీళ్లు దిగిన ఊరు

ఆ జలాశయం అడుగున ఒక ఊరుంది. ఎండలు ముదిరి నీళ్లు తగ్గితే మొండిగోడలు, రాతి అరుగులు, ఓ పక్కకి ఒరిగిన గంటస్తంభం బయటపడతాయి. పొద్దుగూకాక అటుకేసి పోకూడదంటారు. ఎందుకని అడిగితే మాత్రం ఎవరూ నోరు విప్పరు.

గడియారాలు బాగుచేసే పెద్దాయనకి ఇలాంటి మాటలంటే ఒళ్లు మంట. "దూరపు కొండలు నునుపురా! ఎక్కడెక్కడికో ఎగబడతారు గానీ, మన గుమ్మం ముందున్న వింతని ఒక్కడూ చూడడు," అంటూ సెలవు దొరికితే చాలు, బావమరిదిని వెంటేసుకుని చుట్టుపక్కల వింతలు చూడ్డానికి బయల్దేరేవాడట. బావమరిది అంబులెన్సు డ్రైవరు. బావ మాట కాదనలేడు.

అలా ఒకరోజు మధ్యాహ్నం మొట్టమొదటిసారి ఆ మునిగిన ఊళ్లో అడుగుపెట్టారు. చూసినకొద్దీ చూడాలనిపించింది. ఆ ధ్యాసలో చీకటి పడిందే తెలియలేదు.

"స్తంభం మీద గడియారం ముళ్లు మిగిలాయేమో చూసొస్తా," అని బావ అరుగు దిగాడు.

పైన ఎండి పగిలిన నేల. కింద... ఊబి.

ఒక అడుగు — మోకాళ్లు. ఇంకో అడుగు — నడుము.

"కదలకు బావా!"

డ్రైవరు అరుగు మీద బోర్లా పడుకుని, చొక్కా విప్పి విసిరాడు. బావ కొస అందుకున్నాడు. లాగితే గుడ్డ పర్రుమంటోంది. వదిలితే మనిషి దిగిపోతున్నాడు. ఫోను చూస్తే బండిలో... బండి గట్టు అవతల.

ఎందరి ప్రాణాలనో ఆస్పత్రికి చేర్చినవాడు. మూరెడు దూరంలో ఉన్న సొంత బావని మాత్రం—

"ఎవరైనా రండి! బావా... బావా!"

అవతలి ఒడ్డున జాలర్ల గుడిసెల్లో దీపాలు కనిపిస్తూనే ఉన్నాయి. ఒక్కటీ కదల్లేదు.

బురద ఛాతీ దాకా వచ్చింది. "వదిలెయ్‌రా," బావ గుసగుసలాడాడు. "నువ్వూ జారితే మీ అక్కకి దిక్కెవరు?"

"నోర్ముయ్ బావా."

పుట్టి బుద్ధెరిగాక బావని ఒక మాటనడం అదే మొదలు.

అరిచాడు. అరిచి అరిచి, చివరికి గొంతు పూడుకుపోయింది. పెదాలు కదులుతున్నాయి గానీ శబ్దం లేదు. చేతులు తిమ్మిరెక్కాయి. ఇక చెయ్యగలిగింది చూస్తూ ఉండటమే...

అప్పుడు వినబడింది — తెడ్డు చప్పుడు.

జాలర్లిద్దరు పడవ దిగి, బురద మీద చెక్కలు పరిచి, బావ చంకల కింద తాడు బిగించి, అంగుళం అంగుళం లాగి అరుగు మీద పడేశారు. బతికాడు.

ఇంతసేపూ వినబడలేదా అన్నట్టు డ్రైవరు చెవి చూపించి చెయ్యి తిప్పాడు.

ముసలి జాలరి తల దించుకున్నాడు. "వినబడింది బాబూ. రోజూ ఉండేదేగా అని తలుపులేసుకున్నాం."

"రోజూనా?" బావ గొణిగాడు.

"నీళ్లు దిగిన దగ్గర్నుంచీ అంతే. రాత్రయితే చాలు... 'బావా... బావా...' అని తెల్లారేదాకా ఈ కేకే. ఈ గొంతే. ఇవాళ మధ్యలో ఆగిపోయింది. అందుకే భయమేసి వచ్చాం."

మేం ఇవాళేగా వచ్చిందని చెబుదామని డ్రైవరు నోరు తెరిచాడు.

మాట రాలేదు.